క్యారెక్టర్ కట్టడం, ఎడిషన్ మార్చడం: ఖాళీ కాగితం నుంచి బల్ల మీది ఆట దాకా

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డి అండ్ డి) గానీ, పాత్‌ఫైండర్ గానీ బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథను ఆడే ఆటలు. వాటిని కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మొట్టమొదట పాచికలు చేతిలోకి తీసుకుంటారు. నా మాట విని ఆ పాచికలను కాసేపు పక్కన పెట్టండి. ఒక తెల్లకాగితం తీసుకుని పైన ఒక్క వాక్యం రాయండి. ఈ మనిషి, అంటే మీరు ఆడబోయే క్యారెక్టర్, బల్ల దగ్గర ఏం చేస్తుంది? "ధైర్యవంతురాలు", "రహస్యాలున్న మనిషి" లాంటివి పనికిరావు. అవి గుణాలు, పనులు కావు. మీ వంతు వచ్చినప్పుడు డంజన్ మాస్టర్, అంటే ఆట ఆడించే డీఎమ్, మీ వైపు తిరిగి "ఇప్పుడేం చేస్తావు?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు పదిసార్లలో ఏడెనిమిది సార్లు మీరు చెప్పబోయే జవాబు ఏదో, అదే ఆ వాక్యం.

ఈ మార్గదర్శి అంతటా ఒకే క్యారెక్టర్‌ను వెంట తీసుకెళ్తాను. పేరు గంగ. ఉప్పురేవు అనే కల్పిత ఊరు ఆమెది. మైపాడు, కొత్తపట్నం వైపు తీరం చూసినవాళ్ళకు ఆ ఊరు ఎట్టా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆమె వాక్యం ఇది: "తప్పిపోయినవాళ్ళ జాడ తీసి తీసుకొస్తుంది, ఎవరినీ వదిలేసి రాదు." అంతే. ఇందులో జాతి (మనిషి, ఎల్ఫ్ లాంటివి) లేదు, క్లాసు (ఆటలో ఆమె వృత్తి) లేదు, కత్తి లేదు. అవన్నీ ఈ వాక్యానికి సేవ చేయడానికి తరవాత వస్తాయి. రేపు ఎడిషన్ మారినా, ఆటే మారినా, మనం మోసుకెళ్ళేది ఈ వాక్యాన్నే. అంకెలు అక్కడికి వెళ్ళాక మళ్ళీ పుట్టిస్తాం.

ఏ రూల్స్‌తో ఆడుతున్నామో ముందే తేల్చుకోవడం

డి అండ్ డి 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల చేతుల మీదుగా వచ్చింది. రెండో ఎడిషన్ 1989లో, మూడోది 2000లో, దాన్ని సరిదిద్దిన 3.5 2003లో, నాలుగోది 2008లో, ఐదోది 2014లో వచ్చాయి. ఐదో ఎడిషన్‌నే తిరగరాసి 2024లో కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ వేశారు. 3.5 దారిలోనే నడిచిన పాత్‌ఫైండర్ 2009లో మొదలై, 2019లో రెండో ఎడిషన్‌తో పూర్తిగా వేరే ఆట అయింది. వీటిలో ఏది ఆడబోతున్నారో డీఎమ్‌ను అడగకుండా షీటు (క్యారెక్టర్ అంకెలూ వివరాలూ రాసుకునే కాగితం) నింపడం మొదలుపెట్టకండి. ఏ లెవెల్‌లో మొదలు, కథ ఎట్టాంటిది (కోట రాజకీయమా, అడవిలో తిరుగుడా, సముద్ర ప్రయాణమా) అనే రెండు ప్రశ్నలు కూడా అప్పుడే అడగండి. ఎడారిలో నడిచే కథకు ఈతగత్తెను తీసుకెళ్తే ఆడేవాళ్ళకూ ఇబ్బందే, ఆడించేవాళ్ళకూ ఇబ్బందే.

పుస్తకాల ఖరీదు మన పిల్లలకు భారమే. అందుకే ఈ సంగతి తెలియాలి: ఐదో ఎడిషన్ మూల నియమాలను ఎస్ఆర్‌డీ 5.1 అనే నియమాల పత్రంగా 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ (ఎవరైనా ఉచితంగా వాడుకునే లైసెన్సు) కింద విడుదల చేశారు. 2024 నియమాల ఎస్ఆర్‌డీ 5.2 2025లో వచ్చింది. రెండూ ఉచితం, చట్టబద్ధం. కావలసిన పేజీలు జెరాక్స్ తీయించుకుంటే చాలు. దొంగ పీడీఎఫ్‌ల జోలికి పోవలసిన పనే లేదు. అయితే 5.1లో ఒక్కో క్లాసుకు ఒక్కో ఉపక్లాసు మాత్రమే ఇచ్చారు. నేపథ్యమైతే, అంటే సాహసాలకు ముందు క్యారెక్టర్ చేసిన పని, అకొలైట్ (గుడిలో సేవ చేసే మనిషి) ఒక్కటే. ఇది లోటులా కనిపిస్తుంది గానీ, మనకు దీనివల్ల మేలే జరిగింది. ఎట్టాగో కాస్త కిందకు వెళ్ళాక చెప్తాను.

ఆరు అంకెలు

ఐదో ఎడిషన్‌లో ఆరు శక్తులు ఉంటాయి. స్ట్రెంగ్త్ ఒంటి బలం. డెక్స్టెరిటీ చురుకు, గురి. కాన్‌స్టిట్యూషన్ తట్టుకునే సత్తువ. ఇంటెలిజెన్స్ చదువు, తర్కం. విజ్‌డమ్ చుట్టూ ఏం జరుగుతుందో పసిగట్టే గుణం. కరిష్మా మనుషుల్ని తన వైపు తిప్పుకునే శక్తి. వీటికి అంకెలు తెచ్చే దారులు మూడు.

మొదటిది నాలుగు ఆరు ముఖాల పాచికలు వేసి, తక్కువ పడ్డదాన్ని తీసేసి, మిగతా మూడూ కూడటం. ఇట్టా ఆరుసార్లు. సగటు 12 దాటుతుంది. వేసేటప్పుడు భలే హుషారు. కానీ ఒకే బల్ల దగ్గర ఒకరికి 18, 17, 16 పడి, పక్కవాళ్ళకు 13 దాటకపోతే ఆ తేడా నెలల తరబడి వెంటాడుతుంది. కొత్తవాళ్ళు ఎక్కువున్న బల్లకు నేను దీన్ని ఒప్పుకోను. రెండోది స్థిరమైన వరుస: 15, 14, 13, 12, 10, 8. మూడోది 27 పాయింట్లతో కొనడం. 8 ఉచితం, అక్కణ్ణుంచి 13 దాకా మెట్టుకు ఒక పాయింటు, 14కు మొత్తం 7, 15కు మొత్తం 9. పై వరుసను ఈ ధరల్లో లెక్కవేస్తే 9+7+5+4+2+0, సరిగ్గా 27 వస్తుంది. అంటే రెండో దారి మూడోదానికి ముందే కొని పెట్టిన రూపం. మొదటిసారి ఆడేవాళ్ళు స్థిరమైన వరుసే తీసుకోండి.

అంకె కంటే దాని మాడిఫయర్, అంటే ఇరవై ముఖాల పాచిక వేసినప్పుడు దానికి కలిపే అంకె, ముఖ్యం. అంకెలోంచి 10 తీసేసి, సగం చేసి, కిందికి సరిచేస్తే అది వస్తుంది. 14కు +2, 15కూ +2, 16కు +3, 8కి −1. అందుకే బేసి అంకె దగ్గర ఆగిపోవడం చాలాసార్లు వృథా. ఈ చిన్న లెక్క గుర్తుపెట్టుకోండి, ఎడిషన్ మార్చేటప్పుడు ఇదే మనల్ని గట్టెక్కిస్తుంది.

గంగ జాడ తీస్తుంది కాబట్టి విజ్‌డమ్ కావాలి. విల్లు పడుతుంది కాబట్టి డెక్స్టెరిటీ ఇంకా పైన ఉండాలి. డెక్స్టెరిటీ 15, విజ్‌డమ్ 14, కాన్‌స్టిట్యూషన్ 13, స్ట్రెంగ్త్ 12, ఇంటెలిజెన్స్ 10, కరిష్మా 8 పెట్టాను. కాన్‌స్టిట్యూషన్‌ను అందరికంటే కిందికి తోసేయడం కొత్తవాళ్ళకు బాగా అలవాటు. "నేను వెనక నిలబడతాగా అన్నా, నాకెందుకు" అంటారు. వెనక నిలబడేవాళ్ళ మీదికి కూడా బాణాలు వస్తాయి. ఏ క్లాసైనా సరే, దాన్ని 12 కంటే దించకండి.

జాతి, క్లాసు

వాక్యాన్ని బట్టి క్లాసు తానే బయటపడుతుంది. జాడ తీయడం రేంజర్ (అడవులూ బయళ్ళూ తిరిగే వేటగాడి క్లాసు) పని. మనిషి జాతి తీసుకుంటే 2014 నియమాల్లో ఆరు శక్తులకూ ఒక్కొక్కటి కలుస్తుంది: డెక్స్టెరిటీ 16, విజ్‌డమ్ 15, కాన్‌స్టిట్యూషన్ 14, స్ట్రెంగ్త్ 13, ఇంటెలిజెన్స్ 11, కరిష్మా 9. మాడిఫయర్లు వరుసగా +3, +2, +2, +1, 0, −1. రేంజర్‌కు మొదటి లెవెల్‌లో తనకు బాగా తెలిసిన నేల ఏదో ఎంచుకునే వీలుంది. ఆ జాబితాలో సముద్రతీరం కూడా ఉంది. గంగకు అదే.

ఎల్ఫ్, డ్వార్ఫ్, హాఫ్లింగ్ జాతుల గురించి ఒక మాట. అవి అంకెల కోసం కాదు, కథ కోసం ఎంచుకోండి. ఏడు వందల ఏళ్ళు బతికే మనిషికి పాతికేళ్ళ స్నేహం ఎట్టా కనిపిస్తుందో ఆడి చూపించాలని ఉంటే ఎల్ఫ్‌ను తీసుకోండి. ఒక్క +2 కోసం తీసుకుంటే నాలుగో వారానికి ఆ జాతి సంగతే ఎవరికీ గుర్తుండదు.

మన నేల మీది నేపథ్యాలు

నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు ఇదే. పుస్తకంలో సెయిలర్, అవుట్‌ల్యాండర్ లాంటి తయారు నేపథ్యాలు ఉన్నాయి. కానీ 2014 నియమాలు, ఉచిత ఎస్ఆర్‌డీ 5.1తో సహా, నేపథ్యాన్ని సొంతంగా కట్టుకోమని స్పష్టంగా చెప్తున్నాయి. ఇష్టమైన రెండు స్కిల్స్ (నేర్పులు) తీసుకోవచ్చు. పనిముట్లూ భాషలూ కలిపి రెండు తీసుకోవచ్చు. ఒక ప్రత్యేకత, కాస్త సామాను. అకొలైట్ ఒక్కటే ఉందని దిగులు పడక్కర్లేదని ఇందాక అన్నది ఇందుకే.

మన నెల్లూరు, ప్రకాశం వైపు పనుల్లోంచే తీసుకోండి. ఆలమంద కాపరికి యానిమల్ హ్యాండ్లింగ్, సర్వైవల్. చేతిలో పిల్లనగ్రోవి ఒక వాయిద్యం, మూలికల సంచీ ఇంకొకటి. ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కే పనివాడికి స్లైట్ ఆఫ్ హ్యాండ్ (చేతి చురుకు), చెక్కిన సరుకును సంతలో అమ్మాలి కాబట్టి పర్సుయేషన్ (ఒప్పించడం). చెక్కడం పనిముట్లు సరేసరి. మార్కాపురం పలకల గనిలో రాయి పొరలు పొరలుగా విడదీసే మనిషికి అథ్లెటిక్స్, నేచర్, తాపీ పనిముట్లు. చెరువు తూము దగ్గర కూర్చుని ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు వదలాలో చూసే మనిషి కూడా మంచి క్యారెక్టర్ అవుతుంది. ఎండాకాలంలో రెండు ఊళ్ళ రైతులు పారలు పట్టుకుని వస్తే మధ్యలో నిలబడేది ఆయనే. అతనికి ఇన్‌సైట్ (ఎదుటివాళ్ళ మనసు చదవడం), పర్సుయేషన్ ఇవ్వండి. రాజసభలో రాయబారిగా పంపినా తడబడడు.

కల్పిత ప్రపంచంలోకి తీసుకెళ్ళేటప్పుడు ఊరి పేరు మార్చుకోండి, పని మాత్రం ఉన్నది ఉన్నట్టు ఉంచండి. పనిలోని వివరమే క్యారెక్టర్‌కు ప్రాణం. ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకోండి. ఇప్పటికీ జాతరలు జరిగే గ్రామదేవతలను క్లెరిక్ (దేవతను కొలిచి శక్తులు పొందే క్లాసు) దేవతలుగా పెట్టి, హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకుంటారో చెప్పే అంకె), శక్తుల లెక్కలు రాయడం నాకు నచ్చదు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఆమెకు మొక్కేవాళ్ళు ఉంటారు. ఆ మర్యాద కాపాడండి, కల్పిత దేవతను పెట్టుకోండి.

గంగకు మాత్రం పుస్తకంలోని సెయిలర్ అతికినట్టు సరిపోయింది. అథ్లెటిక్స్, పర్సెప్షన్, దారి చూసే పనిముట్లు, నీటి వాహనాలు నడపడం. యాభై అడుగుల పట్టుతాడు కూడా ఇస్తారు. మనుషుల్ని లాక్కొచ్చే పిల్లకు తాడు లేకపోతే ఎట్టా?

షీటు నింపడం

ఇక్కడ కూడికలే, కానీ ఒక్కటి తప్పితే ఆటంతా తప్పుతుంది. పెన్సిల్‌తో రాయండి. మొదటి లెవెల్‌లో ప్రొఫిషియెన్సీ బోనస్ (నేర్చిన పనికి కలిసే అదనం) +2. అయిదో లెవెల్‌లో +3, తొమ్మిదిలో +4, పదమూడులో +5, పదిహేడులో +6 అవుతుంది. నేర్చిన పని అయితే మాడిఫయర్‌కు ఇది కలుపుతాం, నేర్వనిది అయితే మాడిఫయర్ ఒక్కటే.

రేంజర్ హిట్ డై పది ముఖాలది. మొదటి లెవెల్‌లో దాని పూర్తి విలువ 10, దానికి కాన్‌స్టిట్యూషన్ +2 కలిపితే హిట్ పాయింట్లు 12. తోలు కవచం ఏసీ (మిమ్మల్ని కొట్టాలంటే ఎదుటివాళ్ళ పాచిక అందుకోవలసిన అంకె) 11, డెక్స్టెరిటీ +3 కలిపి 14. లాంగ్‌బో గురి +3, +2 కలిసి +5. తగిలితే ఎనిమిది ముఖాల పాచికకు 3 కలిపినంత దెబ్బ. క్లాసు ఇచ్చే మూడు స్కిల్స్‌గా సర్వైవల్, స్టెల్త్, ఇన్‌సైట్ తీసుకుందాం. సర్వైవల్ +4, పర్సెప్షన్ +4, స్టెల్త్ +5, అథ్లెటిక్స్ +3. పాచిక వేయకుండానే డీఎమ్ చూసుకునే పాసివ్ పర్సెప్షన్ 10కి 4 కలిపి 14. ఇది షీటు పైభాగంలో పెద్దగా రాయండి, డీఎమ్ మాటిమాటికీ అడుగుతాడు.

స్కేల్ మెయిల్ అనే ఇనుప కవచం తీసుకుంటే ఏసీ 16 అయ్యేది కదా అనొచ్చు. అవును. కానీ అది వేసుకుని నక్కి నడవబోతే రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి. జాడ పట్టుకుని చప్పుడు లేకుండా వెళ్ళే మనిషికి ఆ ఇనుప చప్పుడు అక్కర్లేదు. ఎప్పుడు సందేహం వచ్చినా ఇట్టా వాక్యం దగ్గరికే వెళ్ళి అడగండి.

తోటివాళ్ళతో ముడి

గంగ మిగతా నలుగురితో ఎందుకు నడుస్తుంది? దీనికి జవాబు లేని క్యారెక్టర్ ఎంత అందంగా ఉన్నా మూడో వారానికి ఒక మూల కూర్చుంటుంది. ఆమె అన్న వేటకు వెళ్ళిన నావ తిరిగి రాలేదు. ఆ నావ చెక్క ఒకటి, సముద్రానికి చాలా దూరంగా, కొండల నడుమ సంతలో అమ్ముడవుతుంటే చూసింది. ఇప్పుడు కొండదారి తెలిసినవాళ్ళు ఆమెకు కావాలి, నీటిదారి తెలిసిన ఆమె వాళ్ళకు కావాలి. ఇక్కడ నేను డీఎమ్‌కు ఒక ప్రశ్న అప్పగించాను, జవాబు అప్పగించలేదు. అట్టాగే చేయండి. రెండు పేజీల గతచరిత్ర రాసి అన్నీ మీరే తేల్చేస్తే ఆయనకు ఆడించడానికి ఏం మిగులుతుంది?

రెండు వైపులా న్యాయం ఉన్న తగవు దొరికితే ఇంకా మంచిది. కరువొచ్చి ఆలమందలతో దక్షిణానికి దిగిన కాటమరాజుకూ నెల్లూరు రాజుకూ పుల్లరి దగ్గర వచ్చిన తగవు మన వైపు ఎన్ని తరాలుగా పాడుకుంటున్నారో చూడండి. పసులు చావకూడదు అనేది ఒకరి న్యాయం. బీడు మేపుకున్నాక పన్ను కట్టాలి అనేది ఇంకొకరిది. రాజు తరఫున కత్తి పట్టిన ఖడ్గతిక్కన దుర్మార్గుడు కాడు, కాటమరాజూ కాడు. మీ ఫైటర్‌నో పాలడిన్‌నో ఇట్టాంటి తగవులో ఒక వైపున నిలబెట్టండి. అవతలి వైపున అదే బల్ల మీది ఇంకో క్యారెక్టర్ చుట్టం ఉండేట్టు చూడండి.

మార్పిడి: 2014 నుంచి 2024కు

ఇప్పుడు రెండో సగం. నారుమడిలోంచి మొక్కను పీకి పొలంలో నాటేటప్పుడు మట్టిని ఎవరూ మోసుకుపోరు, వేరు తెగకుండా మాత్రం చూసుకుంటారు. ఇక్కడ వేరు మన వాక్యం, ఆ ఆరు శక్తుల వరుస, తోటివాళ్ళతో ముడి. మిగతాది మట్టి.

2024లో జాతి నుంచి శక్తుల పెరుగుదల తీసేశారు. అది నేపథ్యానికి మారింది. నేపథ్యం చెప్పిన మూడు శక్తుల్లో ఒకదానికి 2, ఇంకోదానికి 1 వేసుకోవచ్చు. లేదా మూడింటికీ ఒక్కొక్కటి. దాంతోపాటు ఒక ఆరిజిన్ ఫీట్ (మొదట్లోనే దొరికే ప్రత్యేక విద్య) వస్తుంది. మీ నేపథ్యం పాత పుస్తకంలోదో, పైన చెప్పినట్టు మీరు కట్టుకున్నదో అయితే, ఆ పెరుగుదలను మీకిష్టమైన శక్తులకు వేసుకుని, ఒక ఆరిజిన్ ఫీట్ తీసుకోమని కొత్త పుస్తకమే చెప్తోంది. పాత జాతి వాడుతుంటే దాని శక్తుల పెరుగుదలను వదిలేయాలి. రెండూ కలిపి తీసుకోవడం కుదరదు.

గంగను మారుద్దాం. కొత్త సెయిలర్ ఇచ్చే మూడు శక్తులు స్ట్రెంగ్త్, డెక్స్టెరిటీ, విజ్‌డమ్. పాత అంకెలు అట్టాగే ఉంచి డెక్స్టెరిటీకి 2, విజ్‌డమ్‌కు 1 కలిపితే 17, 15 అవుతాయి, రెండూ బేసి. కాన్‌స్టిట్యూషన్ 13 దగ్గరే నిలిచిపోయి ఒక హిట్ పాయింటు పోతుంది. ఇక్కడ ఒక్క చిన్న పని చేయండి. విజ్‌డమ్‌లోని 14నూ కాన్‌స్టిట్యూషన్‌లోని 13నూ తారుమారు చేసి, మూడు శక్తులకూ ఒక్కొక్కటి కలపండి. స్ట్రెంగ్త్ 13, డెక్స్టెరిటీ 16, కాన్‌స్టిట్యూషన్ 14, ఇంటెలిజెన్స్ 10, విజ్‌డమ్ 14, కరిష్మా 8. మాడిఫయర్లు చూడండి: +1, +3, +2, 0, +2, −1. పాత షీటులో ఉన్నవే, ఒక్కటీ మారలేదు. హిట్ పాయింట్లు మళ్ళీ 12. అంకెలు మారినా బల్ల దగ్గర అదే గంగ.

స్కిల్స్ దగ్గర చిన్న చిక్కుంది. కొత్త సెయిలర్ అథ్లెటిక్స్ బదులు అక్రోబాటిక్స్ ఇస్తుంది. ఈతరాని గంగను ఊహించలేం కాబట్టి రేంజర్ ఇచ్చే మూడింటిలో ఒకటిగా అథ్లెటిక్స్ తీసుకుని, మిగతా రెండు సర్వైవల్, స్టెల్త్ ఉంచుదాం. వదిలిన ఇన్‌సైట్‌ను మనిషి జాతి ఇచ్చే అదనపు స్కిల్‌గా వెనక్కి తెచ్చుకోవచ్చు. సెయిలర్‌తో టావెర్న్ బ్రాలర్ ఫీట్ వస్తుంది. మనిషి జాతి ఇంకో ఆరిజిన్ ఫీట్ ఇస్తుంది. దానికి హీలర్ తీసుకోండి. ఎవరినీ వదిలేసి రాని మనిషికి అంతకంటే తగింది లేదు.

పోయింది ఒకటుంది. తీరం మీది ప్రత్యేక పరిచయం కొత్త రేంజర్‌కు లేదు. దాని బదులు హంటర్స్ మార్క్ స్పెల్ (మంత్రం) మొదటి లెవెల్ నుంచే ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. రెండో లెవెల్‌లో ఒక స్కిల్‌లో ప్రొఫిషియెన్సీ రెట్టింపవుతుంది. దాన్ని సర్వైవల్‌కు వేస్తే +6. తీరంలోనే కాదు, ఎక్కడైనా జాడ తీస్తుంది. నా దృష్టిలో ఇది నష్టం కాదు, కొండదారి పట్టిన గంగ ఇంకా ముందుకు వెళ్ళినట్టే.

3.5 నుంచి ఐదుకు

3.5 షీటు చూస్తే బెదిరిపోతాం. అంకెల మీద అంకెలు. ఒక ఆరో లెవెల్ రోగ్‌ను (దొంగ క్లాసు) తీసుకోండి, పేరు కొండడు అనుకుందాం. స్కిల్ ర్యాంకులు లెవెల్‌కు మూడు కలిపినంత, అంటే 9 దాకా ఉంటాయి. డెక్స్టెరిటీ +4 కలిస్తే నక్కడం +13. ఐదో ఎడిషన్‌లో అదే లెవెల్‌కు ప్రొఫిషియెన్సీ +3, ఎక్స్‌పర్టైజ్‌తో రెట్టింపై +6, డెక్స్టెరిటీ +4 కలిపి +10. మూడు తగ్గిందని బాధపడకండి. ఐదులో చూసేవాళ్ళ అంకెలు కూడా చిన్నవే. నేర్పున్న కావలివాడి పాసివ్ పర్సెప్షన్ కూడా పదమూడు, పద్నాలుగు దగ్గర ఉంటుంది. వెన్నుపోటు దెబ్బ రెండిటిలోనూ మూడు ఆరు ముఖాల పాచికలే. హిట్ డై మాత్రం ఆరు ముఖాల నుంచి ఎనిమిదికి పెరుగుతుంది.

స్కిల్స్ కలిసిపోయాయి. హైడ్, మూవ్ సైలెంట్లీ రెండూ స్టెల్త్. స్పాట్, లిజన్ పర్సెప్షన్. క్లైమ్, జంప్, స్విమ్ అథ్లెటిక్స్. బ్లఫ్ డిసెప్షన్ అయింది, డిప్లొమసీ పర్సుయేషన్ అయింది. తాళాలు తీయడం స్కిల్ కాకుండా దొంగల పనిముట్ల కిందికి పోయింది.

ఫీట్ల దగ్గరే అందరూ ఆగిపోతారు. 3.5లో మనిషి జాతి కొండడికి ఆరో లెవెల్‌కు నాలుగు ఫీట్లు ఉంటాయి. ఐదులో నాలుగో లెవెల్‌కు ఒక్క అవకాశం, అదీ శక్తులు పెంచుకోవడానికి బదులుగా. నాలుగింటినీ పట్టుకు వేలాడకండి. గడిచిన ఆటల్లో ఏ ఫీట్ వాడినప్పుడు బల్ల దగ్గర అందరూ తలలెత్తి చూశారో అది ఒక్కటే ఉంచండి. ప్రెస్టీజ్ క్లాసు (కొన్ని లెవెల్స్ గడిచాక చేరే ప్రత్యేక క్లాసు) ఉంటే దాని పేరు కాదు, దాని పని చేసే ఉపక్లాసు వెతకండి. మాయా వస్తువులు కూడా ఇంతే. 3.5లో ఉంగరం, కంకణం, చెప్పులు, దుప్పటి అన్నీ +1లూ +2లూ మోస్తాయి. ఆట కూడా అవి ఉంటాయనే లెక్క కట్టింది. ఐదులో ఆ లెక్క లేదు. పైగా క్యారెక్టర్‌తో ముందుగా అనుబంధం (అట్యూన్‌మెంట్) కుదరాల్సిన వస్తువులు మూడుకు మించి ఒకేసారి పనిచేయవు. కథలో చోటున్న వస్తువును ఉంచి, మిగతావి ఏ గుడికో, శిష్యుడికో ఇచ్చేసినట్టు ఆట ముందే చెప్పుకోండి.

డి అండ్ డి రెండో ఎడిషన్ షీటు దొరికితే

ఇక్కడ థాకో అనే అంకె కనిపిస్తుంది. ఏసీ సున్నా ఉన్నవాణ్ణి కొట్టడానికి పాచిక మీద పడాల్సినది అది. ఆ ఎడిషన్‌లో ఏసీ ఎంత తగ్గితే అంత మంచిది, మామూలు మనిషికి 10. మార్చే సూత్రం తేలిక. 20లోంచి థాకో తీసేస్తే దాడి బోనస్, 20లోంచి పాత ఏసీ తీసేస్తే కొత్త ఏసీ. ఐదో లెవెల్ ఫైటర్ థాకో 16, అంటే +4. ప్లేట్ మెయిల్, డాలు కలిపి ఏసీ 2, అంటే 18. పాత పద్ధతిలో ఇతణ్ణి ఇతనే కొట్టుకోవాలంటే 14 పడాలి, కొత్త పద్ధతిలోనూ 14. లెక్క సరిపోయింది.

కానీ ఈ సూత్రం పాత కథల్లోని శత్రువుల బలం అంచనా వేయడానికే. మీ క్యారెక్టర్‌కు వాడకండి. ఐదో ఎడిషన్‌లో ప్లేట్ కవచం ఒక్కటే 18, డాలుతో 20. కవచం పేరు రాసుకుని, కొత్త పుస్తకంలో ఆ పేరుకు ఉన్న అంకె తీసుకోండి.

శక్తుల అంకెలు కూడా నేరుగా ఎక్కించకూడదు. రెండో ఎడిషన్‌లో స్ట్రెంగ్త్ 17 ఉన్నా గురికి +1, దెబ్బకు +1 మాత్రమే. ఐదులో అదే 17కు +3. వరుస మాత్రం ఉంచండి: ఏది అన్నిటికంటే ఎక్కువ, ఏది తరవాత. ఆ వరుసలోనే 15, 14, 13, 12, 10, 8 పేర్చండి. ఎల్ఫ్ ఫైటర్-మేజ్ (యోధురాలూ మంత్రగత్తె రెండూ) అయిదు-అయిదు లెవెల్స్‌లో ఉంటే పదో లెవెల్ అనుకోవద్దు. ఆ ఎడిషన్‌లో ఒకే అనుభవాన్ని రెండు క్లాసులూ పంచుకుంటాయి. తోటివాళ్ళు ఏ లెవెల్‌లో ఉంటే ఆ లెవెల్‌లో, కత్తీ మంత్రమూ రెండూ పట్టే ఎల్డ్రిచ్ నైట్‌గా కట్టండి. మల్టీక్లాస్ (ఒకే క్యారెక్టర్‌లో రెండు క్లాసులు కలపడం) చేయాలంటే రెండు క్లాసుల ముఖ్యశక్తులూ 13 ఉండాలని గుర్తుంచుకోండి.

పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌కు

ఇది అంకెలు మార్చే పని కాదు, మొదటి నుంచి కట్టే పని. ఇక్కడ ప్రతి నేర్పుకూ లెవెల్ కూడా కలుస్తుంది. ట్రెయిన్డ్ అయితే లెవెల్‌ మీద 2 కలుస్తుంది, ఎక్స్‌పర్ట్‌కు 4, మాస్టర్‌కు 6, లెజెండరీకి 8. పదో లెవెల్‌లో +19, +20 కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఎదుటివాళ్ళవీ అట్టాగే పెరుగుతాయి. 2023 నుంచి వచ్చిన రీమాస్టర్ పుస్తకాల్లో 15, 16 లాంటి అంకెలే లేవు, నేరుగా మాడిఫయర్లే.

గంగను జాతి, నేపథ్యం, క్లాసు, చివరి నాలుగు ఉచిత పెంపులు, ఈ వరుసలో కట్టాను. డెక్స్టెరిటీ +4, విజ్‌డమ్ +3, కాన్‌స్టిట్యూషన్ +1, స్ట్రెంగ్త్ +1. హిట్ పాయింట్లు జాతికి 8, రేంజర్‌కు 10, ఇంకొకటి కలిపి 19. మొదటి లెవెల్‌లోనే రేంజర్ పర్సెప్షన్‌లో ఎక్స్‌పర్ట్ కాబట్టి +8. ఇక్కడి రేంజర్‌కు స్పెల్ స్లాట్లు (రోజుకు ఇన్ని మంత్రాలు వేయొచ్చనే లెక్క) ఉండవు, కానీ హంట్ ప్రే అనే చర్య ఉంది. ఒకణ్ణి గురిగా పెట్టుకుంటే వాణ్ణి వెతకడానికి, వాడి జాడ తీయడానికి +2. గంగ వాక్యాన్ని ఇంత సూటిగా పలికిన నియమం డి అండ్ డి ఎడిషన్లలో నాకు దొరకలేదు. స్పెల్స్ పోయాయని మాత్రమే చూసి ఈ మార్పిడిని వద్దనుకునేవాళ్ళను ఆగి ఇది చదవమంటాను.

పరీక్ష

మార్చిన షీటును నేరుగా కథలోకి దించకండి. డీఎమ్‌తో ఒక గంట కూర్చుని రెండు చిన్న సన్నివేశాలు ఆడండి. ఒకటి పోరు, ఒకటి పోరు లేనిది. పోరుకు పాత ఆటలో మీరు నిజంగా ఎదుర్కొన్న శత్రువునే కొత్త పుస్తకం అంకెలతో తెండి. పోరు లేనిదాన్ని వాక్యంలోంచి పుట్టించండి. గంగకైతే సంతలో తప్పిపోయిన పిల్లవాడు చాలు. మూడు ప్రశ్నలు అడగండి. ఆమె చేసే పని ఇంకా ఆమెకే బాగా వస్తోందా? పాత ఆటలో ఇట్టే చేసేసిన పని ఇప్పుడు అసలు కుదరకుండా పోయిందా? తోటి క్యారెక్టర్ పనిని ఈమె లాగేసుకుంటోందా? మూడో ప్రశ్నను ఎవరూ అడగరు, బల్ల దగ్గర మనస్పర్థలు ఎక్కువగా వచ్చేది మాత్రం అక్కడే. కొత్త అంకెలతో గంగకు దొంగ కొండడికంటే మంచి స్టెల్త్ వస్తే, తగ్గించుకోవలసింది గంగే. ఆమె పని జాడ తీయడం, దూరడం కాదు.

మొదటి మూడు సెషన్ల దాకా స్కిల్ గానీ, ఫీట్ గానీ, స్పెల్ గానీ అడిగి మార్చుకోవచ్చని డీఎమ్‌తో ముందే మాట అనుకోండి. ఆ తరవాత పెన్సిల్ గీతల మీద పెన్ను పెట్టండి. పాత షీటును పారేయకుండా దాని వెనక తేదీ, ఎడిషన్, ఆ వాక్యం రాసి కొత్త షీటుకు కుట్టి ఉంచండి. ఇంకో ఎడిషన్ వచ్చిన రోజున మార్పిడి మొదలుపెట్టాల్సింది ఆ కాగితం దగ్గరే.